పాలిచ్చే తల్లి – తండ్రి బాధ్యత



తల్లులు బిడ్డలకు పూర్తిగా రెండేళ్లు పాలు పట్టే విషయాన్ని తెలిపే అల్ బఖరా సూరా 233వ ఆయతు మనకు తెలుసు. అయితే ఆ ఆయతు తల్లితోనే ఆగిపోలేదు. ఆమె అన్నవస్త్రాల భారాన్ని తండ్రిపై ఉంచింది. బిడ్డ కారణంగా ఆమెను బాధించరాదన్నది. పాలు మాన్పించాలన్నా ఇద్దరూ సంప్రదించుకోవాలన్నది. దాదితో పాలిప్పించేందుకూ అనుమతించింది. మరి పాలు చాలడం లేదని బాలింతను నిందించే హక్కు మనకెక్కడిది?

హజ్రత్ ఉమర్ (రజి) పాలనలో పాలు మానిన పిల్లలకే భత్యం ఇచ్చేవారు. ఒక రాత్రి పసివాడి ఏడుపు విని ఆయన తల్లినే పలుమార్లు మందలించారు. భత్యం కోసమే ఆమె తొందరపడి పాలు మాన్పిస్తోందని ఆ తర్వాత తెలిసింది. ఆనాటి ఫజ్ర్ నమాజులో దుఃఖం వల్ల ఆయన పారాయణం జనానికి సరిగా వినపడలేదని ఉల్లేఖనం. పుట్టిన ప్రతి బిడ్డకూ భత్యం ఇవ్వాలని వెంటనే ఆదేశించారు. తప్పు తల్లిది కాదు, నియమానిది.

మన ఇళ్లలోనూ అలాంటి నియమాలున్నాయి. ముర్రుపాలు పారబోయించడం అందులో ఒకటి. రాత్రంతా మేల్కొన్న బాలింత చేతే తెల్లవారి వంట చేయించడం మరొకటి. ఇక రెండు వారాలు దాటినా ఆమె దుఃఖం తీరకపోతే, ఈమాన్ లోపమని తప్పుపట్టకండి; వైద్యురాలి వద్దకు మీరే వెంట తీసుకెళ్లండి.