గట్టు మీద కంప కొట్టేసే ముందు ఒక్క మాట

ఇవాళ మన టాపిక్ పొలం గట్టు మీద కంచె. ముళ్లతీగ కంచె కాదండీ, మొక్కల కంచె. సీమచింత, వావిలి, గోరింట, వాక్కాయ, కిత్తనార, మధ్యలో ఒక కానుగ చెట్టు, దాని పక్కన సీతాఫలం. "కంపే కదా, దాని గురించి వీడియో ఎందుకు?" అని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు.

ఎండాకాలం వచ్చిందంటే ఊళ్లో జేసీబీ దిగుతుంది. గంటకి ఇంత అని మాట్లాడుకుంటే సాయంత్రానికల్లా గట్టు చదును. రెండు సాళ్లు ఎక్కువ వస్తాయి, ట్రాక్టర్ తిరగడానికి వీలుగా ఉంటుంది. లెక్క కరెక్టే. కాకపోతే ఆ లెక్కలో ఒక కాలమ్ ఖాళీగా ఉంది. కంప పోతే ఏం పోతుందో అందులో రాయలేదు.

ఇదే లెక్క మనకంటే ముందు ఇంగ్లండ్‌లో వేశారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తిండిగింజలు ఎక్కువ పండించాలని, పెద్ద యంత్రాలు తిరగాలని పొలాల మధ్య కంచెలు పీకేశారు. పీకినందుకు ప్రభుత్వమే డబ్బులిచ్చింది కూడా. యాభై ఏళ్లలో దాదాపు సగం కంచెలు పోయాయి. తర్వాత కళ్లు తెరిచారు. 1997లో రూల్ తెచ్చారు: 20 మీటర్లు దాటిన పొలం కంచె పీకాలంటే ముందు స్థానిక కౌన్సిల్‌కి చెప్పాలి. అది 30 ఏళ్లు దాటి, ముఖ్యమైనదని తేలితే పీకనివ్వరు. 2024లో ఇంకో రూల్: మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా పొలం కంచె కత్తిరించకూడదు, అది పిట్టలు గూళ్లు పెట్టే కాలం. ఇప్పుడు కొత్త కంచె నాటేవాళ్లకి ప్రభుత్వం డబ్బులిస్తోంది. పీకడానికీ ఇచ్చారు, నాటడానికీ ఇస్తున్నారు!

అక్కడ డెవాన్ అనే ప్రాంతంలో ఒక శాస్త్రవేత్త, వంద మీటర్లు కూడా లేని ఒకే ఒక్క కంచెలో ఎన్ని రకాల జీవులున్నాయో ఓపిగ్గా లెక్కపెట్టారు. 2,070 రకాలు తేలాయి.

సరే, అది వాళ్ల చలిదేశం. మన గట్టు మీద కంప మనకేం చేస్తుంది?

మొదటిది గాలి. కంచె ఎంత ఎత్తుంటే దానికి సుమారు పది రెట్ల దూరం దాకా గాలి జోరు తగ్గుతుంది. రెండు మీటర్ల కంచె అంటే ఇరవై మీటర్ల పైరు. గాలి తగ్గితే నేలలో తేమ త్వరగా ఆరదు. గోడ కట్టినా ఇంత బాగా పనిచేయదు. గోడకి కొట్టుకున్న గాలి అవతల సుడి తిరుగుతుంది, కంచె అయితే ఆకుల సందుల్లోంచి నెమ్మదిగా వదులుతుంది.

రెండోది పూత. బీర, దోస, గుమ్మడిలో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. తేనెటీగలు రాకపోతే పిందె నిలవదు. మీ పంట పూసేది కొన్ని వారాలే. మిగతా ఏడాదంతా అవి ఏం తిని బతకాలి? వావిలి, కానుగ పూలు అందుకే. వంకాయ పువ్వు సంగతి ఇంకా తమాషా. నల్ల తుమ్మెద వాలి జుమ్మని వణికిస్తే పుప్పొడి బాగా రాలుతుంది. ఆ తుమ్మెద గూడు పెట్టేది ఎండుకొమ్మల్లో. మనం "ఎండిపోయింది, కొట్టెయ్" అంటామే, ఆ కొమ్మలోనే.

మూడోది కాపలా. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట ఏం తింటుంది? మిడతలు, పురుగులు. దానికి వాలడానికి ఒక కొమ్మ కావాలి కదా.

కంచెతో ఇబ్బందులూ ఉన్నాయి, దాచను. గట్టు పక్క సాళ్లలో నీడ పడి దిగుబడి తగ్గుతుంది. ఎలుకలు కలుగులు పెడతాయి. వాటిని పట్టే ముంగిస, గుడ్లగూబ కూడా అక్కడే ఉంటాయి, కానీ ఎలుకలు అసలుండవు అని మాత్రం నేను చెప్పను. పట్టించుకోకపోతే సర్కారు తుమ్మ, లాంటానా చేలోకి దిగుతాయి. అందుకే వదిలేయమనడం లేదు, పద్ధతిగా చూసుకోమంటున్నా.

ఎలాగంటారా? ఫోన్‌లో నోట్ చేసుకోండి.

ఒకటి, మొత్తం ఒకేసారి కొట్టొద్దు. గట్టుని మూడు ముక్కలు అనుకోండి. ఏడాదికి ఒక ముక్క. మిగతా రెండిట్లో పూత, కాయ, గూడు ఉంటాయి.

రెండు, తొలకరికి ముందే పని ముగించండి. చాలా చిన్నపిట్టలు వానల్లోనే గూడు కడతాయి. ముందు గూళ్లున్నాయేమో చూసి, తర్వాత కత్తి పెట్టండి.

మూడు, కింద వెడల్పు, పైన సన్నం ఉండేలా కత్తిరించండి. కింది కొమ్మలకి ఎండ తగిలితే అడుగున కంత పడదు, మేక దూరదు. నీడా తగ్గుతుంది.

నాలుగు, ఖాళీలు తొలకరిలో పూడ్చండి. గ్లైరిసీడియా కొమ్మ మీటరు పొడవు నరికి పాతినా చిగురిస్తుంది. తర్వాత దాని రొట్ట కోసి చేలో వేసుకుంటే నత్రజని ఎరువు. వాక్కాయ పెడితే ముల్లూ ఉంటుంది, పచ్చడికి కాయా వస్తుంది. సర్కారు తుమ్మ, లాంటానా మొలకలు మాత్రం చిన్నప్పుడే వేళ్లతో పీకేయండి.

ఐదు, గట్టుకి నిప్పు పెట్టొద్దు. పదేళ్ల కంచె పది నిమిషాల్లో పోతుంది.

ఇంకోటి. గట్టు ఇద్దరిది. కత్తి పట్టుకునే ముందు పక్క చేను పెద్దాయనతో ఒక మాట అనుకోండి. సగం గొడవలు అక్కడే ఆగిపోతాయి.

ఇప్పుడు మీకో పని. గూగుల్ ఎర్త్ తెరిచి మీ ఊరి పొలాలు చూడండి. చేలకి అంచు కుట్టినట్టు పచ్చటి గీతలు కనపడతాయి. పాత ఏళ్ల ఫోటోలు కూడా పెట్టి చూడండి. ఎన్ని గీతలు చెరిగిపోయాయో మీకే తెలుస్తుంది. ఆ రెండు ఫోటోలూ ఇంట్లో నాన్నకి, తాతకి చూపించండి. వాదించొద్దు, ఊరికే అడగండి: "ఈ గట్టు మీద అప్పుడు ఏముండేది తాతా?" అని. ఆయన చెప్పిన పేర్లు కామెంట్‌లో రాయండి. ఈ ఎండాకాలం జేసీబీకి ఫోన్ చేసే ముందే ఆ మాట జరిగితే బాగుంటుంది.

ఉంటాను మరి. నమస్తే.