కిటికీలోంచి తువ్వాలు

అధ్యక్షులవారు ఇందాక నన్నూ, నా అంశాన్నీ పరిచయం చేస్తూ, ‘నడుస్తూనే తనకు కావలసిన కాంపొనెంట్‌ను తెలివిగా ఎంచుకునే సాఫ్ట్‌వేర్’ అన్నారు. పెద్దవారు, కాదనలేను. కానీ ఆ ‘తెలివిగా’తోనే నా తగువు.

జావా లోకంలో ఓఎస్‌జీఐ అని, కాంపొనెంట్లను కలిపే ఏర్పాటు ఒకటుంది. 1999లో ఇళ్లలో పెట్టే గేట్‌వే పెట్టెల కోసం మొదలైంది. 2004లో, ప్రోగ్రాములు రాసుకునే ఎక్లిప్స్ 3.0 కూడా దాని మీదికే మారింది. అందులో ప్రోగ్రాం ‘ఈ పని చేసేవాళ్లెవరైనా ఉన్నారా?’ అని రిజిస్ట్రీని అడుగుతుంది. ఇద్దరుంటే, ర్యాంకింగ్ అంకె ఎక్కువున్నవాడికి పని. ఆ అంకె వేసేది మనిషే. వేయకపోతే సున్నా. ఇద్దరిదీ సున్నా అయితే? ముందు పేరు రాయించుకున్నవాడికి! బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టినట్టు. నవ్వకండి, నా ఒక రాత్రి నిద్ర పోయింది దీనివల్లే.

అప్పట్లో ఒకచోట బిల్లుల సాఫ్ట్‌వేర్ చూసేవాణ్ణి. పన్ను లెక్కకు పాత కాంపొనెంట్ ఒకటి, కొత్తది ఒకటి. పాతది ఒక్కో వస్తువుకూ పైసలు సరిచేస్తుంది, కొత్తది మొత్తం మీద ఒక్కసారే. మా టెస్ట్ మెషీన్‌లో కొత్తది ముందు ఎక్కించాం, లెక్క భేషుగ్గా వచ్చింది. కస్టమర్ దగ్గర పెట్టగానే మూడు పైసలు తేడా. మూడు పైసలే కదా అనకండి, వాళ్ల అకౌంటెంట్ ఆ మాటంటే ఊరుకునే మనిషి కాదు. రాత్రంతా కోడ్ గీత గీతా చదివాను. ఒక్క తప్పు లేదు. తెల్లవారుజామున టీ పట్టుకుని లాగ్ తెరిస్తే, పాతదాని సర్వీస్ ఐడీ, అంటే పేరు రాయించుకున్న వరుస అంకె, 41, కొత్తదానిది 58. పాతది అక్కడ ఏళ్లుగా ఉంది, ముందే తువ్వాలేసుకుంది. కొత్తదానికి ర్యాంకింగ్ 10 అని ఒక్క గీత రాశాను. అంతే. ఇదండీ ఆ తెలివి.

టైమైందని చీటీ వచ్చింది, తొందరగా చెబుతాను. ‘సిస్టమ్ ఆపకుండానే మార్చేయొచ్చు’ అంటారు. మిక్సీ తిరుగుతుండగా జార్ మార్చి చూడండి, గోడంతా పచ్చడే. కొత్త కాంపొనెంట్ వచ్చినా, పాతదాన్ని పట్టుకున్న ప్రోగ్రాం దాన్ని వదిలితేనే పని జరుగుతుంది. వదలమని మనమే రాయాలి.

ఇక, జావా ప్రోగ్రాములు లాగ్ రాయడానికి వాడే లాగ్‌ఫోర్‌జేతో 2021 డిసెంబరులో వచ్చిన గొడవ. లాగ్‌లోకి చేరిన మాటలో ఎవడో బయటివాడు అడ్రసు ఇరికిస్తే, అక్కడికెళ్లి కోడ్ తెచ్చుకుని నడిపేసింది. దాన్నీ తెలివే అందామా అధ్యక్షా?