ఇంటి లోపలి లెక్క



ఉత్తరప్రదేశ్ కుటుంబాలలో నివసించే జనాభా స్వరూపాన్ని ఈనాటి ప్రసంగానికి విషయంగా ఎంచుకున్నాము. తెలుగు నేలపై నివసించే మనకు ఆ దూరపు రాష్ట్రపు లెక్కలతో పని ఏమిటని ఎవరైనా అడగవచ్చు. 2011 జనగణన ప్రకారం దేశంలో ముస్లింల సంఖ్య 17.22 కోట్లు. అందులో 3.85 కోట్ల మంది ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనే ఉన్నారు. అంటే ప్రతి ఐదుగురిలో ఒకరికి పైగా ఆ రాష్ట్రవాసులే. అదే జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముస్లింలు దాదాపు 81 లక్షలు. దేశంలో ముస్లిం జనాభా గురించి ఎవరు మంచి మాట్లాడినా, చెడు మాట్లాడినా ముందుగా ఉదహరించేది ఉత్తరప్రదేశ్‌నే. అక్కడి లెక్కను చదవడం నేర్చుకుంటే మన లెక్కను మనమే చదువుకోగలుగుతాము.

ముందుగా ఒక మాటకు అర్థం చూద్దాము. జనగణన దృష్టిలో కుటుంబమంటే రక్తసంబంధం మాత్రమే కాదు. ఒకే చోట కలిసి నివసిస్తూ, ఒకే వంటగదిలో వండినది తినేవారంతా ఒక కుటుంబం. ఒక ఇంటిలో అన్నదమ్ములిద్దరి పొయ్యిలు వేరైతే అవి రెండు కుటుంబాలు. వసతిగృహాలు, చెరసాలలు, అనాథాశ్రమాల వంటివాటిలో ఉండేవారిని సంస్థాగత కుటుంబాలుగా విడిగా నమోదు చేస్తారు. కనుక కుటుంబ జనాభా అన్నప్పుడు మన కళ్లముందు నిలవవలసినది పొయ్యి చుట్టూ చేరిన మనుషులు: వారి వయసు, చదువు, పని, భాష.

2011లో ఉత్తరప్రదేశ్ జనాభా 19.98 కోట్లు. సగటున ఒక్కో కుటుంబంలో ఆరుగురు. అదే సంవత్సరం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సగటు నలుగురు. ఆరేళ్ల లోపు పిల్లలే ఆ రాష్ట్రంలో దాదాపు 3 కోట్ల మంది. అక్షరాస్యత పురుషులలో 77 శాతం, స్త్రీలలో 57 శాతం. పట్టణాలలో నివసించేవారు 22 శాతమే. షెడ్యూల్డు కులాలవారు 20.7 శాతం, ముస్లింలు 19.26 శాతం. స్థూలంగా చూస్తే అది పెద్ద కుటుంబాల, పసిపిల్లల, పల్లెల రాష్ట్రం. చదువులో స్త్రీ పురుషుల నడుమ ఇరవై శాతపు అంతరం ఉన్న రాష్ట్రం. ఈ లక్షణాలు ఏ ఒక్క మతానివీ కావు.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. 2011 జనగణన ప్రకారం ఉత్తరప్రదేశ్‌లో ప్రతి వెయ్యి మంది పురుషులకు స్త్రీలు 912 మంది. 2019-21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మాత్రం 1,017 మంది. పదేళ్లలో అంత మంది స్త్రీలు ఎక్కడినుండి వచ్చారు? ఎక్కడినుండీ రాలేదు. రెండు లెక్కల పద్ధతులు వేరు. ఆ సర్వే ముందురోజు రాత్రి ఆ ఇంటిలో నిద్రించిన వారిని లెక్కిస్తుంది. ముంబాయి మగ్గాల వద్ద, సూరత్ మిల్లులలో, ఢిల్లీ కట్టడాల వద్ద, హైదరాబాదు వడ్రంగి పనులలో, గల్ఫ్ దేశాలలో ఉన్న మగవారు ఆ రాత్రి ఇంటిలో ఉండరు. పల్లెలలో ఈ నిష్పత్తి 1,037, పట్టణాలలో 961 అని అదే సర్వే చెబుతున్నది. వలస పోయే పల్లెలలో మగవారి లోటు ఎక్కువగా కనిపిస్తున్నది. ఆ అంకె వెనుక ఉన్నది స్త్రీల సంఖ్యలో పెరుగుదల అనుకుంటే పొరపాటు. ఇంటి భారాన్ని ఒంటరిగా మోస్తున్న స్త్రీలు ఆ అంకె వెనుక ఉన్నారు. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల గల్ఫ్ కుటుంబాలను ఎరిగిన మనకు ఈ సంగతిని వివరించి చెప్పనక్కరలేదు.

పద్ధతి తెలియకుండా అంకెను పట్టుకుంటే ఎంత దూరం తప్పిపోతామో ఈ ఉదాహరణ చెబుతున్నది. ఇదే కన్నుతో, మనపై తరచు వినిపించే నిందను పరిశీలిద్దాము. ముస్లింల సంఖ్య పెరిగిపోతున్నదని, త్వరలోనే మెజారిటీ అవుతారని కొందరు సభలలో చెబుతుంటారు. ఉత్తరప్రదేశ్‌లో ముస్లింల వాటా 2001లో 18.5 శాతం, 2011లో 19.26 శాతం. పదేళ్లలో పెరిగినది ఒక శాతం కంటె తక్కువ. దేశమంతటా చూస్తే 1991-2001 దశాబ్దంలో ముస్లిం జనాభా వృద్ధి 29.5 శాతం ఉండగా, మరుసటి దశాబ్దంలో 24.6 శాతానికి తగ్గింది.

సంతానం సంగతి ఇంకా స్పష్టం. 1992-93 నాటి మొదటి కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో ఒక ముస్లిం స్త్రీకి సగటు సంతానం 4.4. ఐదవ సర్వే నాటికి అది 2.36. హిందూ స్త్రీలలో ఇదే కాలంలో 3.3 నుండి 1.94కు తగ్గింది. రెండు సముదాయాల మధ్య అంతరం ఒకటికి పైగా ఉన్నది కాస్తా అరకంటె తక్కువకు చేరింది. మరొక పోలిక చూడండి. ఐదవ సర్వేలో ఉత్తరప్రదేశ్ రాష్ట్రం మొత్తానికి, అన్ని మతాలను కలుపుకొని, సగటు సంతానం 2.35. దేశంలోని ముస్లింల సగటుకు ఇది ఇంచుమించు సమానం. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్ సగటు 1.68, తెలంగాణ సగటు 1.75. అమ్మాయి ఎంతవరకు చదివింది, ఏ వయసులో పెళ్లి అయింది, దగ్గరలో ఆసుపత్రి ఉందా, పుట్టిన బిడ్డ బతుకుతుందన్న ధీమా ఉందా అన్నవి సంతాన సంఖ్యను ఎక్కువగా నిర్ణయిస్తాయి. మతం పేరుతో భయపెట్టేవారు ఈ ప్రశ్నలను అడగరు. మనం అడగాలి.

ఇక ముస్లిం జనాభా అన్నది ఒకే ముద్ద కాదు. రాంపూర్ జిల్లాలో ముస్లింలు 50.57 శాతం, బుందేల్‌ఖండ్‌లోని లలిత్‌పూర్‌లో మూడు శాతం కూడా లేరు. రాష్ట్ర జనాభాలో పట్టణవాసులు 22 శాతమైతే, అక్కడి ముస్లింలలో మూడోవంతుకు పైగా పట్టణాలవారే. వారణాసి పట్టుచీరలు నేసేవారు, మొరాదాబాద్ ఇత్తడి పనివారు, అలీగఢ్ తాళాలు చేసేవారు, ఫిరోజాబాద్ గాజుల బట్టీలలో కాగేవారు, లక్నో చికన్ కుట్టేవారు వీరిలో ఉన్నారు. చేతిలో పని ఉన్నది, పొలం లేదు. కరెంటు పోయినా, నూలు ధర పెరిగినా, ఊరిలో కర్ఫ్యూ పెట్టినా ఆ రోజు కూలి పోతుంది. గ్రామీణ పేదల కోసం రూపొందిన పథకాలు ఈ ఇరుకు సందులలోని పేదరికానికి చేరవు.

లక్నో చికన్ పనినే తీసుకుందాము. కుట్టేది అధికంగా స్త్రీలు, అదీ ఇంటిలో కూర్చొని. గణకుడు గుమ్మంలో నిలబడి ఈమె ఏమి చేస్తుందని అడిగినప్పుడు, ఇంటిలోని మగవారు "ఏమీ చేయదు, ఇంటిలోనే ఉంటుంది" అని చెబితే, ఆ రాతతో ఆమె శ్రమ లెక్కలోనుండి చెరిగిపోతుంది. లెక్కలో లేని కార్మికురాలికి కనీస వేతనం గురించి గాని, బీమా గురించి గాని ఏ ప్రభుత్వమూ ఆలోచించదు. నిజామాబాద్, కరీంనగర్ జిల్లాలలో బీడీలు చుట్టే అక్కచెల్లెళ్ల విషయంలోనూ, హైదరాబాదు పాతబస్తీలో జర్దోజీ కుట్టే, లక్క గాజులకు రాళ్లు పొదిగే ఆడపిల్లల విషయంలోనూ జరిగేది ఇదే.

కులం గడి గురించి కూడా చెప్పుకోవాలి. ఇస్లాం మనుషులందరినీ సమానులుగా చూస్తుంది. ఇందులో మనకు సందేహం లేదు. అయితే సమాజం అన్సారీని, ఖురేషీని, మన్సూరీని, సల్మానీని, హలాల్‌ఖోర్‌ను సమానంగా చూడలేదు. 2006లో సచార్ కమిటీ ఇచ్చిన నివేదిక దేశ ముస్లింలలో 40 శాతానికి పైగా వెనుకబడిన తరగతులవారని చూపింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను ముందు హిందువులకే పరిమితం చేసింది. తరువాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని విస్తరించారు. అదే వృత్తి, అదే వెలి అనుభవించిన ముస్లింకు ఆ హోదా ఇప్పటికీ లేదు.

లోపలి లెక్క ఎంత విలువైనదో మన రాష్ట్రాల చరిత్రే చెబుతుంది. ముస్లింలందరినీ కలిపి ఒకే సముదాయంగా 2004లో, 2005లో ఇచ్చిన రిజర్వేషన్లు హైకోర్టులో నిలవలేదు. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక ఆధారంగా 14 వృత్తి, సామాజిక వర్గాలను గుర్తించి, బి.సి.-ఇ కింద 4 శాతం ఇస్తూ చట్టం చేశారు. దానిపై కూడా వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. అయినా 2010 నాటి మధ్యంతర ఉత్తర్వుతో అది అమలులో కొనసాగుతున్నది. వేలాది పేద పిల్లలు దాని ఆసరాతో చదువుకున్నారు. 2024లో తెలంగాణ ప్రభుత్వం జరిపిన ఇంటింటి సర్వే ముస్లింలు 12.56 శాతమని చెప్పి ఊరుకోలేదు. అందులో వెనుకబడిన తరగతులవారు 10.08 శాతమని, తక్కినవారు 2.48 శాతమని విడదీసి చూపింది. న్యాయస్థానంలోనైనా, బడ్జెట్టులోనైనా ఆధారంగా నిలిచేవి ఇటువంటి అంకెలే.

భాష గడి మూడవది. ఉత్తరప్రదేశ్‌లో ఉర్దూ మాతృభాషగా చెప్పినవారు 2001లో దాదాపు 8 శాతం. 2011లో 5.42 శాతం. పదేళ్లలో ముస్లిం జనాభా పెరిగింది, ఉర్దూ చెప్పినవారి సంఖ్య మాత్రం 1.33 కోట్ల నుండి 1.08 కోట్లకు పడిపోయింది. అవధీ, భోజ్‌పురి మాట్లాడే ముస్లింలు అక్కడ ఎందరో ఉన్నారు. వారు తమ భాషనే చెప్పాలి. కాని ఇంటిలో ఉర్దూ మాట్లాడుతూ, అడిగినప్పుడు మరొకటి చెబితే, రేపు ఉర్దూ ఉపాధ్యాయుని పోస్టు కోసం అర్జీ పెట్టడానికి చేతిలో ఆధారం ఉండదు. తెలుగు ఇంటి భాషగా కలిగిన మన దూదేకుల సోదరులకూ ఇదే న్యాయం వర్తిస్తుంది. ఏ భాష నిజమో ఆ భాషే చెప్పాలి.

రాబోయే జనగణనకు 2027 మార్చి 1 సూచక తేదీ. అందులో కుల గణన కూడా చేర్చాలని కేంద్ర మంత్రివర్గం 2025 ఏప్రిల్ 30న నిర్ణయించింది. ఇది 1948 జనగణన చట్టం కింద జరిగే పని. గణకుడు పత్రాలు చూపమని అడగడు, చెప్పినది రాసుకుంటాడు. ఆ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఆ వివరాలను ఇతరులు తనిఖీ చేయడానికి వీలులేదు. ఇంటి స్త్రీల పేర్లు చెప్పాలన్న నిర్బంధం కూడా లేదని 8వ సెక్షన్ స్పష్టం చేస్తున్నది. పేరు చెప్పకపోయినా మనిషిని లెక్కలో రాయించడం మాత్రం మరువరాదు.

కార్యకర్తలకు మా విన్నపం ఇది. ప్రతి మహల్లాలో, ప్రతి బస్తీలో పదిమంది చదువుకున్న యువతీ యువకులు ముందుగానే ఇల్లిల్లూ తిరగండి. వేరు పొయ్యి ఉన్న కుటుంబాన్ని వేరుగా రాయించమనండి. నిన్న పుట్టిన బిడ్డను, మంచం పట్టిన ముసలమ్మను విడువవద్దనండి. ఆడపిల్ల ఏ తరగతితో చదువు ఆపిందో దాచకుండా చెప్పమనండి. పరువు కోసం ఎక్కువ చెబితే ఆ వీధికి రావలసిన బడి రాదు. బీడీ చుట్టే చేతిని పనిచేసే చేయిగానే రాయించండి. అతిశయోక్తి వద్దు, దాపరికం వద్దు.

ఎదుటివారు మన మొత్తం సంఖ్యను చూపి భయపెడతారు. మనవారిలో కొందరు అదే సంఖ్యను చూపి గర్వపడతారు. ఆ భయంతో గాని, ఈ గర్వంతో గాని ఒక్క ఇంటిలో పొయ్యి వెలగదు. ఆరుగురున్న ఇంటిలో ఎందరు చదువుకున్నారు, ఎందరు వలస వెళ్లారు, ఎందరు రాత్రి దీపం కింద కుట్టుపని చేస్తున్నారు అన్న లెక్క మన వద్ద ఉంటే, అధికారి ఎదుట కూర్చుని హక్కుగా అడగగలము. గణకుడు తలుపు తట్టినప్పుడు తీయండి, కూర్చోబెట్టండి, నిజం చెప్పండి.