ఒకే పళ్లెము



2019లో అమెరికాలోని కుమారునికడకు వెళ్లితిని. వాషింగ్టను నగరపు చేరువ సిల్వర్ స్ప్రింగు అను పట్టణమున, ఒక సామాన్యమైన ఇథియోపియా భోజనశాలకు వాడు నన్ను గొనిపోయెను. ఆఫ్రికా వంటలో శాకాహారికి ఏమి దొరకునని సంశయించితిని. ఆ దేశపు ఆర్థొడాక్సు క్రైస్తవులు సాధారణముగా బుధ, శుక్రవారములందు మాంసము, పాలు, గ్రుడ్లు ముట్టరట; కావున పప్పుకూరలకు కొదువ లేదు. ఆవగింజకన్న చిన్నదైన టెఫ్ అను ధాన్యపు పిండిని కొన్ని దినములు పులియబెట్టి, ఒకవైపే కాల్చిన పెద్ద అట్టు పేరు ఇంజెరా. పుల్లగా, మెత్తగా నుండును. మన జొన్నరొట్టె రుచి వేరనుకొనుడు. దానిమీదనే కూరలు వడ్డింతురు. చెంచా లేదు, చేతితోనే తినవలెను.

కాని అందరకును పళ్లెమొకటే! ఎంగిలి యని నా చేయి ఆగెను. అంతట కుమారుని ఇథియోపియా మిత్రుడు ముద్ద చుట్టి నా నోటికి అందించెను. దానిని గుర్షా యందురు, ఆదరమునకు గుర్తు. తింటిని.

అప్పుడు కోరుట్లలోని మా పశువుల కొట్టము జ్ఞాపకము వచ్చెను. మా జీతగాని సత్తుపళ్లెము అచటి గూటిలోనే యుండెడిది; ఇంటిలోనికి ఎన్నడును రాలేదు. నేను బడిలో పిల్లలకు సమత్వమును బోధించిన దినములలోను అది యచటనే యున్నది. అతని కుమారుడు మన గ్రంథాలయ చందాదారుడు. నిన్న భోజనమునకు పిలిచితిని. ఇంకను బదులు రాలేదు.