ఈ గళ్ల డబ్బాను ఎవరు చదవాలి?

(మిరుదొడ్డిలో మహిళా సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ మధ్య మిరుదొడ్డిలో బస్సు దిగి నడుస్తుంటే, బీడీలు చేసే ఒకామె నన్ను ఆపి చేతిలో ఒక కరపత్రం పెట్టింది. "గీ కాయితం మీద వడ్డీ ఎంతని రాసిన్రో జర సదివి చెప్పక్కా" అని అడిగింది. రెండువైపులా తిప్పి చూశాను. "పది నిమిషాల్లో అప్పు" అని పెద్ద తెలుగు అక్షరాలు. నవ్వుతున్న ఆడమనిషి బొమ్మ. అడుగున నల్లటి గళ్ల డబ్బా, దాని పక్కన "వివరాలకు స్కాన్ చేయండి". అంతే. వడ్డీ లేదు, అప్పిచ్చేవాడి పేరు లేదు, ఊరు లేదు.

ఆమె దగ్గరున్నది బటన్ల ఫోను. నా ఫోనుతో స్కాన్ చేశాను. అంతా ఇంగ్లీషు. ముందు నా నంబరు అడిగింది. తర్వాత ఒక యాప్ వేసుకోమంది. వేసుకుంటే నా ఫోనులోని పేర్లు, నంబర్లన్నీ చూడడానికి ఒప్పుకోమంది. నేను ఒప్పుకోలేదు. అది ముందుకు పోలేదు. "వడ్డీ ఎంతో నాకూ తెలియలేదమ్మా" అని కాగితం తిరిగిచ్చేశాను. చదువుకున్నదాన్నన్న నా ధీమా అక్కడే పోయింది.

దీన్ని క్యూఆర్ కోడ్ అంటారు. 1994లో జపాన్‌లో డెన్సో వేవ్ సంస్థ ఇంజనీరు మసాహిరో హరా బృందం దీన్ని తయారుచేసింది. కార్ల విడిభాగాల లెక్క చూసుకోవడానికి పుట్టింది. మూలల్లోని మూడు పెద్ద గళ్లు ఫోనుకు కోడ్ ఎక్కడుందో చూపిస్తాయి. మిగతా గళ్లలో అక్షరాలు, అంకెలు దాగి ఉంటాయి. ప్రకటనల్లో ఎక్కువగా ఉండేది ఒక ఇంటర్నెట్ చిరునామా. ఆ సంస్థ పేటెంటు హక్కును వాడుకోకుండా అందరికీ వదిలేసింది. అందువల్ల దీన్ని ఎవరైనా తయారుచేయవచ్చు. మందుల కంపెనీ చేయవచ్చు, మోసగాడూ చేయవచ్చు. పైకి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నారు. వాచకంలోని పాఠం వాళ్ల బతుకు గురించే మాట్లాడింది. సారా దుకాణం మూయించారు. ఆ పోరాటం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. అక్షరం మన చేతికొస్తే ఏమవుతుందో అప్పుడు చూశాం. కానీ ఈ గళ్లను రాత్రి బడిలో నేర్పలేం. పీహెచ్‌డీ చేసినామె కూడా కంటితో చదవలేదు. చదవాలంటే ఫోను కావాలి, నెట్ కావాలి, ఆ ఫోను మన చేతిలో ఉండాలి.

ఫోను ఎవరి చేతిలో ఉంది? 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తెలంగాణలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడామన్న ఆడవాళ్లు నూటికి 26.5 మంది. మగవాళ్లు 57.4 మంది. ఆ తర్వాత వాడకం పెరిగింది, నిజమే. అయినా చాలా ఇళ్లలో పెద్ద ఫోను భర్త జేబులోనో, కొడుకు చేతిలోనో ఉంటుంది. అంటే అప్పు నా పేరు మీద, షరతులు చదివేది ఇంకొకరు. నా అప్పు సంగతి తెలుసుకోవడానికి నేను ఇంట్లో అనుమతి అడగాలా?

కోడ్ వద్దని నేను అనడం లేదు. 2023 ఆగస్టు 1 నుంచి ఎక్కువగా అమ్ముడయ్యే 300 రకాల మందుల మీద కోడ్ ఉండాలన్నారు. నకిలీ మందును పట్టుకోవడానికి అది పనికొస్తుంది. కానీ అక్కడ మందు పేరు, గడువు తేదీ అక్షరాల్లోనూ ఉంటాయి. కోడ్ అక్షరానికి తోడుగా వచ్చింది. కరపత్రంలో మాత్రం అక్షరాన్ని తీసేసి ఆ చోట కోడ్ పెట్టారు. ఆశపెట్టే మాట తెలుగులో, నష్టపెట్టే మాట గళ్లలో!

ఇది అడగడానికి మనకు ఆధారం ఉంది. 2022లో కేంద్రం తెచ్చిన తప్పుదోవ పట్టించే ప్రకటనల మార్గదర్శకాలు, ప్రకటన ఏ భాషలో చెబితే దాని షరతు కూడా ఆ భాషలోనే ఉండాలంటున్నాయి. అప్పుల యాప్‌లు ఫోనులోని నంబర్ల జాబితా జోలికి పోరాదని రిజర్వ్ బ్యాంకు 2022లోనే చెప్పింది. వడ్డీ, ఖర్చులన్నీ కలిపిన ముఖ్య వివరాల పత్రం అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలని 2024లో చెప్పింది.

కాబట్టి మన సంఘాలు మూడు పనులు చేయాలి. వడ్డీ, ధర, కంపెనీ పేరు, చిరునామా తెలుగు అక్షరాల్లో లేని కరపత్రం ఊళ్లోకి వస్తే, "ఇవి రాసి తీసుకురా" అని పంచేవాడిని నిలబెట్టి అడగాలి. నెలవారీ సమావేశంలో అలాంటి కాగితాలను అందరి ముందు స్కాన్ చేసి, ఏమొస్తుందో చూడాలి. ఫోను పట్టుకునేది ప్రతిసారీ వేరే ఆమె కావాలి. డబ్బు మనకు రావడానికి స్కాన్ చేయనవసరం లేదని, పిన్ కొట్టనవసరం లేదని ప్రతి ఇంట్లో చెప్పాలి. మోసం జరిగితే సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

ఆ బీడీల అక్క అడిగింది చిన్న ప్రశ్న: వడ్డీ ఎంత? జవాబు కాగితం మీదే, ఆమె చదవగల అక్షరాల్లో ఉండాలి. అది దయతో ఇచ్చేది కాదు, ఆమె హక్కు.