మహాగండిలో మజిలీ

కొండ నెక్కుట మనకు క్రొత్త కాదు. అలిపిరి నుండి మెట్లదారిని తిరుమలకు నడచినవారు మన శ్రోతలలో ఎందరో యుందురు. ఆ నడకలో ఒక సౌకర్యము కలదు. కష్టమంతయు ముందే వచ్చును. ఓపిక చాలనివాడు మోకాళ్ళ మిట్ట చేరకముందే ఆ సంగతి తెలిసికొని వెనుకకు మరలవచ్చును. దారి పల్లము గనుక కాళ్ళు తామే వానిని క్రిందికి చేర్చును. నేడు మనము ముచ్చటించుకొనబోవు చోట ఈ లెక్క తలక్రిందులు. అచ్చట ముందు దిగవలెను, పిమ్మట ఎక్కవలెను. ఒంట బలము నిండుగా నున్నంతసేపు దారి సుఖముగా నుండును. అది తరిగిన తరువాతనే నిట్టనిలువు ఎదురగును.

ఆ చోటు అమెరికా సంయుక్త రాష్ట్రములలో, ఆరిజోనా రాష్ట్రమున, కొలరాడో నది కోసిన గ్రాండ్ కాన్యన్. పెన్నానది ఎర్రమల కొండలను చీల్చుకొని పోవు తావును మన పూర్వులు గండి యన్నారు. ఆ గండి మీది కోటయే గండికోట. అందుచేత దీనిని మహాగండి యనుట మాకు ఉచితముగా తోచినది. పరిమాణమున మాత్రము రెంటికిని పోలిక లేదు. మహాగండి పొడవు 446 కిలోమీటర్లు; వెడల్పు కొన్ని యెడల 29 కిలోమీటర్లు; లోతు 1,600 మీటర్లకు పైమాట. 1919లో ఇది జాతీయోద్యానవనమైనది. చదువులకును ఉద్యోగములకును అమెరికా చేరిన బిడ్డలను చూడబోవు మన తల్లిదండ్రులు పలువురు ఈ గండి అంచున నిలిచి ఫొటో తీయించుకొని వచ్చుచున్నారు. అంచున నిలిచి చూచుట వేరు, లోనికి దిగి రెండు మూడు రాత్రులు గడపుట వేరు. బిడ్డలు సెలవులలో స్నేహితులతో కలిసి చేయదలచునది ఈ రెండవ పని. ఇంటనున్న పెద్దలు దానిని గురించి కొంత ఎరిగియుండుట మేలని మా తలంపు.

ఈ యాత్రలలో ఒక పద్ధతికి బేస్ క్యాంపు అని పేరు. మనము మూలవిడిది యనవచ్చును. ప్రతిదినము డేరా పెరికి, మూట గట్టి, ముందుకు సాగుట ఇందులో ఉండదు. ఒకచోట విడిది చేసి, బరువులన్నియు అచ్చటనే విడిచి, తేలికపాటి సంచితో చుట్టుప్రక్కల దారులు నడచి సాయంకాలమునకు తిరిగి చేరుదురు. దక్షిణపు టంచు నుండి బ్రైట్ ఏంజెల్ దారిని 7 కిలోమీటర్లు, అనగా సుమారు 900 మీటర్ల పల్లము దిగినచో హవసుపాయ్ గార్డెన్స్ అను నీటి పట్టు వచ్చును. ఎఱ్ఱని బండల నడుమ ఒక సెలయేరు, దానినంటి పచ్చని చెట్లు. ఇచ్చట విడిది చేసినవారు సాయంకాలము రెండున్నర కిలోమీటర్లు నడచి ప్లేటో పాయింట్ అను బండ చివరకు పోయి, నాలుగు వందల మీటర్ల క్రింద ప్రవహించు నదిని చూచి రాగలరు. నదియొడ్డునకే దిగదలచినవారికి అంచు నుండి మొత్తము 12 కిలోమీటర్లకు పైగా దారి.

హవసుపాయ్ యనునది ఒక ఆదివాసి జాతి పేరు. ఈ సెలయేటి ప్రక్కన వారు తరతరములుగా పైరు పండించుకొనిరి. ఉద్యానవనము ఏర్పడిన పిమ్మట వారిని ఇచ్చటి నుండి పంపివేసిరి. కడపటి మనిషి 1928లో వెడలిపోయెను. తావు పేరును మార్చి వారి పేరు పెట్టినది 2022లో! తొంబది నాలుగేండ్లు పట్టినది. మంచి మార్గదర్శి యైనవాడు ఈ కథ చెప్పక అచ్చట డేరా వేయింపడు.

దారి పొడవునను రాతి పొరలు పుస్తకపు పుటలవలె కనబడును. అంచునగల సున్నపురాతి వయస్సు సుమారు 27 కోట్ల సంవత్సరములు. అడుగునగల నల్లని రాతికి 170 కోట్లకు పైగా. ఆ అడుగు రాతి పేరు విన్నచో మన శ్రోతలకు ఆశ్చర్యము కలుగక మానదు. దాని పేరు విష్ణు. లోయ నడుమ గోపురములవలె లేచిన శిఖరములలో ఒకటి విష్ణ్వాలయము, మరియొకటి శివాలయము. 19వ శతాబ్దమున ఈ ప్రాంతమును పరిశీలించిన భూగర్భ శాస్త్రవేత్త క్లారెన్స్ డట్టన్ ఆ శిఖరములకు ఈ పేర్లు పెట్టెను.

ఇక అసలు విషయము ఎండ. రెంటచింతల ఎండ నెరిగిన మనకు ఇదొక లెక్కా యని యువకులు అనవచ్చును. అంచున చల్లగాలి వీచుచుండగా బయలుదేరుదురు. దిగినకొలది వేడిమి హెచ్చును. వేసవిలో అడుగున నీడలోనే 45 డిగ్రీలు దాటు దినములు కలవు. గాలి మిక్కిలి పొడి యగుటచే చెమట పట్టిన సంగతియే తెలియదు. పట్టినది పట్టినట్లు ఆరిపోవును. దప్పికయని నీళ్ళు మాత్రమే త్రాగుచు పోయినచో మరియొక ప్రమాదము. ఒంటిలోని ఉప్పు పలుచనై తల తిరుగును, వాంతులగును, తెలివి తప్పుటయు కద్దు. అందుచే నీటితో పాటు ఉప్పు గల తిండి తినవలెను. పొలము పనికి ఉప్పు వేసిన మజ్జిగ కడవ పంపెడి మన ఇల్లాండ్రకు ఈ శాస్త్రము ఎవరు నేర్పిరో! వేసవిలో పది గంటలకు మొదలు నాలుగు గంటల వరకు ఎండలో నడువవద్దనియు, నదికి దిగి నాటికి నాడే తిరిగి ఎక్కజూడవద్దనియు ఉద్యానవనాధికారులు దారి మొదటనే పలకలు పెట్టి హెచ్చరించుచున్నారు. దిగుటకు పట్టిన కాలమునకు ఇబ్బడి కాలము ఎక్కుటకు పట్టునని వారి లెక్క. చిక్కులలో పడువారు వృద్ధులే యని తలంపరాదు. తమ కండలను నమ్ముకొన్న పడుచువారు అందు ఎందరో!

మార్గదర్శి వెల ఇచ్చట తెలియును. దారి చూపుటకు అతడు అక్కరలేదు. దారి ఒక్కటే, తప్పుట కష్టము. సామాను మోయుటకును అతడు కాదు. "ఇంక దిగవద్దు, వెనుకకు మరలుడు" అని చెప్పుటకు అతడుండవలెను. ఆ మాట చెప్పునప్పటికి ఎవరికిని అలసట ఉండదు. నది ఆ మలుపు దాటినంతనే కనబడునట్లుండును. డబ్బు చెల్లించి వచ్చినవారు, నెలల ముందు దరఖాస్తు పెట్టి అనుమతి పత్రము సంపాదించినవారు, మొగము చిట్లింతురు. మొగమాటపడి ఊరకుండు మార్గదర్శి కంటె ఒంటరిగా పోవుటయే మేలని మేము చెప్పుదుము. ఒంటరివాడు కొంత భయపడియైన నడచును. కనుక మార్గదర్శిని కుదుర్చుకొనునపుడు అతడు ఎన్ని స్థలములు చూపునని కాక, ఏ పరిస్థితులలో మరలించునని అడుగవలెను. అడవిలో ప్రథమ చికిత్స నేర్చినవాడా, ఉద్యానవనమువారి అనుమతి కలవాడా యనియు విచారింపవలెను. లోయలో చాలవరకు చేతి ఫోనులు పలుకవు. ఉపగ్రహము ద్వారా వార్త పంపు సాధనము అతనియొద్ద ఉండవలెను.

విడిదిలో కట్టెలతో మంట వేయుట నిషిద్ధము. చిన్న గ్యాసు పొయ్యిమీదనే వంట. తినుబండారములు ఇనుప పెట్టెలలో దాచవలెను, లేనిచో ఉడుతలు సంచులు కొరికివేయును. రాముడు వీపు నిమిరిన ఉడుత లని చేయి చాచితిరా, వ్రేలు కరచును. ఉదయమున బూట్లు దులిపి తొడుగవలెను, తేళ్ళు కలవు. నీటి కొళాయిలు ఉన్నవి గాని వానిని నమ్మి పోరాదు. లోయలోని ఊట నుండి నీరు తెచ్చు గొట్టము 1960 దశకమున వేసినది, తరచు పగులును. మరమ్మతులకై దారులను, విడుదులను మూయుటయు కలదు. బయలుదేరుటకు ముందు అడిగి తెలిసికొనవలెను.

తిరుగు ప్రయాణము వేసవిలోనైనచో తెల్లవారక మునుపే మొదలు. నుదుట దీపములు కట్టుకొని నడుతురు. అందరికంటె మెల్లగా నడచువానిని మార్గదర్శి ముందు నిలుపును. మిగిలినవారు వాని అడుగునకు అడుగు కలుపవలెను. ప్రొద్దెక్కి, పై మలుపులు చేరునప్పటికి, చేతిలో చిన్న సీసాతో గంతులు వేయుచు దిగివచ్చువారు ఎదురగుదురు. 1997 నుండి ఉద్యానవనమువారు దారి పైభాగమున మనుషులను నిలిపి అట్టివారిని పలుకరించు ఏర్పాటు చేసిరి. ఎచ్చటి వరకు పోవుచున్నారు, నీరెంత తెచ్చితిరి, తినుటకేమున్నది యని వారు మర్యాదగా అడుగుదురు.