దురదకు మందు కాదు, ముందు కారణం



మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలో చేతులకు దురద, పొక్కులు, పగుళ్లు వచ్చినవని అంటే ముందుగా చేసే పని ఏమిటి? మందుల దుకాణానికి పోయి ఒక ట్యూబు తెచ్చి రుద్దుకోవటం. నాలుగు రోజులు తగ్గుతుంది, మళ్లీ లేస్తుంది. అప్పుడు ఇంకో ట్యూబు. వంకాయ మానండి, గోష్తు మానండి అని పథ్యాలు చెప్పేవారికీ కొదువ లేదు. కాని తాకిన వస్తువుతో వచ్చే ఎలర్జీకి చాలావరకు తిండితో సంబంధం ఉండదు. ఏ వస్తువు మన చర్మానికి పడటం లేదో తెలియాలె. అందుకు ప్యాచ్ టెస్టు అనే పరీక్ష ఉన్నది. జోసెఫ్ యాడాసోన్ అనే జర్మన్ వైద్యుడు 1895లోనే దీనిని తోటి వైద్యులకు చూపించినాడు.

ఈ ఎలర్జీ తాకిన వెంటనే బయటపడదు. ఒకటి రెండు రోజుల తర్వాత లేస్తుంది. అందుకే మన అనుమానం వేరే దాని మీదికి పోతుంది. మామూలు రక్తపరీక్షలో కూడా ఇది తేలదు.

పరీక్షలో సూదులు లేవు. అనుమానమున్న పదార్థాలను కొద్దికొద్దిగా చిన్న అల్యూమినియం గిన్నెలలో పెట్టి వీపు మీద పట్టీతో అతికిస్తారు. 48 గంటలకు తీసి చూస్తారు, మళ్లీ ఒకటి రెండు రోజులకు ఇంకొకసారి చూస్తారు. ఎక్కడ ఎర్రగా ఉబ్బితే అక్కడి పదార్థం పడనట్లు. ఆ పదార్థమే ఇప్పటి బాధకు కారణమా కాదా అన్నది మన పనిపాటలు అడిగి డాక్టరే తేల్చాలె. వీపు తడవకూడదు. వుజూకు అడ్డంకి లేదు, గుసుల్ మాత్రం ముందే చూసుకొని రోజు పెట్టుకోవాలె. స్టెరాయిడ్ మాత్రలు మింగుతుంటే తప్పక చెప్పాలె, లేకుంటే ఉన్న ఎలర్జీ కూడా దాగిపోతుంది.

గల్ఫుకు పోయి తాపీపని చేసే మన పిల్లల సంగతి చూడండి. సిమెంటులో క్రోమేటు ఉంటుంది. దానిని తగ్గించటానికి సిమెంటులో ఫెర్రస్ సల్ఫేటు కలపాలని డెన్మార్కు 1983లోనే నియమం పెట్టుకున్నది. క్రోమేటు పడనివాడు సెలవు మీద ఇంటికి వచ్చినా పాదాల దురద పోకపోవచ్చును. ఎందుకంటే తోలు చెప్పులను పదును పెట్టేది కూడా క్రోమియంతోనే. ఈ సంగతి తెలియక, వచ్చిన వీసా వదులుకోవాలా అని ఇల్లంతా దిగులుపడుతుంది.

ఆడపిల్లల విషయంలో పండుగ మెహందీ. ఆకు నూరి పెట్టుకునే మెహందీతో చిక్కు చాలా అరుదు. త్వరగా నల్లగా పండాలని తల రంగులోని పీపీడీ అనే మందు కలిపినదే చెరుపు చేస్తుంది. ఒకసారి అది పడకుండా పోతే, తర్వాత ఏనాడో తలకో గడ్డానికో రంగు వేసినప్పుడు ముఖం వాచిపోతుంది. నల్ల కోన్లు కొనవద్దని మేము గట్టిగానే చెబుతున్నాము.

గిల్టు నగలలో, పిన్నులలో నికెలు ఉంటుంది. పొలం గట్ల మీది వయ్యారిభామ గాలికే ముఖం, మెడ, కనురెప్పలు పాడుచేస్తుంది. విచిత్రమేమంటే, పుండుకు రాసే కొన్ని ట్యూబులలోని నియోమైసిన్ కూడా కొందరికి పడదు!

బీడీలు చేసే తల్లులకు, రంగుల పనివారికి ఒక మాట. దినమంతా తడిలో నానిన చేతులు ఎలర్జీ లేకున్నా పగులుతాయి. ఆ తేడా తెలియటానికీ ఈ పరీక్షే సాయం.

జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చినవి. ముందు అక్కడి దవాఖానలో చర్మవైద్యులను కలిసి, ప్యాచ్ టెస్టు ఎక్కడ చేస్తారో అడగండి. పోయేటప్పుడు వాడిన ట్యూబులు, మెహందీ కోను, రంగు ప్యాకెట్టు అన్నీ ఒక సంచిలో వేసుకొని పోండి. తోడు కావలసినవారు సంఘం ఆఫీసులో పేరు చెప్పండి, మాలో ఒకరు వస్తాము.